నీలం మూత సీసా

అత్తయ్య అప్పుడే మింగిన బీపీ మాత్ర నేనిచ్చింది కాదు.

ఆ సంగతి నాకు తెలిసేసరికి ఆవిడ నీళ్లు కూడా తాగేసి, గ్లాసు బోర్లించి, "అమ్మాయ్, పాలు పొంగుతాయేమో చూడు" అంటోంది. నా చేతిలో ఆవిడ మందుల సీసా ఉంది. వంటగట్టు తడిగా ఉంటే తీసి అలమరలో పెట్టబోయాను, అంతే. నీలం మూత సరిగ్గా బిగించి లేదు. రెండు మాత్రలు నా అరచేతిలోకి జారాయి. తెల్లగా, గుండ్రంగా, శనగగింజకన్నా చిన్నగా ఉన్నాయి. నా మందుల కొట్లో మాత్రలూ అలాగే ఉంటాయి. కాకపోతే వాటికి నడుమ సన్నటి గీత ఉంటుంది, సగానికి విరుచుకోవడానికి.

వీటికి గీత లేదు.

పాలు పొంగాయి. నేను కదల్లేదు.

"అలా నిలబడిపోయావేమిటే, దెయ్యాన్ని చూసినట్టు?"

"అత్తయ్యా, ఈ మాత్రలెక్కడివి?"

"నువ్విచ్చినవే. నాకు ఇంకెవరిస్తారు?"

ఒక మాత్రని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో తిప్పి చూశాను. వెనకవైపు చీమకాలంత అక్షరం అచ్చుగుద్ది ఉంది. ఆ అక్షరాన్ని చూడగానే గుర్తుపట్టాను. పేరుమోసిన కంపెనీ మాత్ర. లోపలి మందు అదే, మోతాదు అదే. అత్తయ్య ప్రాణానికి వచ్చిన ముప్పేమీ లేదు.

ఆ మరుక్షణమే అసలు సంగతి తట్టింది. ముప్పు ఆవిడకి కాదు. నాకు.

ఎందుకంటే వీధి వీధంతా నా కొట్టుకి వస్తున్నది ఆ సీసాని నమ్మి.

*

ఆ ఎండాకాలం మొదట్లోనే మా ఇంటి ముందుగదిలో జనరిక్ మందుల కొట్టు తెరిచాను. అంతకుముందు పెద్దాసుపత్రి మందుల విభాగంలో ఫార్మసిస్టుని. పేరున్న మందు ధర చూసి, సగం కొనుక్కుని సగం వదిలేసి వెళ్లే మనుషుల్ని ఏళ్లతరబడి చూశాను. ఆ మందే, ఆ మోతాదే, పేరు లేకుండా ఐదోవంతు ధరకి వస్తుంది. పేరు లేదు గనక పేరు చాటుకునే ఖర్చు లేదు, అంతే తేడా. ఉద్యోగానికి సెలవు పెట్టి, దాచుకున్నదంతా పెట్టి బీరువాలు కొట్టించాను. ఎండలు తగ్గేలోపు కొట్టు నిలబడాలి. నిలబడకపోతే సెలవు అయిపోతుంది, బోర్డు దింపేసి మళ్లీ ఆసుపత్రి కిటికీ వెనక్కి వెళ్లాలి. ఇంట్లో అందరం ఒప్పుకున్న మాట అది.

అందరం అంటే మామయ్య తప్ప.

మామయ్య మెడికల్ రెప్‌గా ముప్పై ఏళ్లు పనిచేశారు. డాక్టర్ల గుమ్మాల ముందు నిలబడి, తన కంపెనీ మందు ఎందుకు గొప్పదో చెప్పి చెప్పి రిటైరయ్యారు. వీధిలో ఆయన్ని అందరూ 'కంపెనీగారు' అంటారు. ఇంట్లో కూర్చున్నా ఇస్త్రీ చొక్కా, పాలిష్ పెట్టిన బూట్లు. బోర్డు తగిలించిన రోజున కింద నిలబడి, తల వెనక్కి వాల్చి, దాన్ని ఎక్స్‌రే చూసినట్టు చూశారు.

"అక్షరాలు బాగున్నాయి" అన్నారు. ఆయన నా కొట్టు గురించి అన్న మంచిమాట అదొక్కటే.

"మామయ్యా, లోపలున్న మందు ఒకటే కదా?"

"పెళ్లికొడుకుకీ రెండు కాళ్లూ రెండు చేతులే, అతని కారు డ్రైవరుకీ రెండు కాళ్లూ రెండు చేతులే. పిల్లని ఎవరికిస్తావమ్మా?"

లోపల్నుంచి అత్తయ్య గొంతు వచ్చింది. "నేనైతే డ్రైవరుకే ఇద్దును. కనీసం వేళకి వచ్చేవాడు."

వీధి మాత్రం మామయ్య పక్షమే. ఎదురింటి దర్జీ తన తల్లి షుగరు మాత్రల ధర విని, స్ట్రిప్‌ని చెవి దగ్గర పెట్టి గలగలలాడించాడు. "ఇంత చవగ్గా ఎలా ఇస్తున్నావక్కా? లోపల సుద్దముక్కా?" పక్కింటి పిన్నిగారైతే గుమ్మం దాటి లోపలికే రాలేదు. వీధిలో ఏ ఇంట్లో ఏం జరిగినా ఆవిడ ద్వారానే ప్రసారం అవుతుంది గనక ఆవిడ పేరు రేడియో పిన్ని. "ఇంట్లో ఉన్న కంపెనీగారే వీళ్ల మందు ముట్టుకోరట. మనకెందుకమ్మా?" అని ఆవిడ గాలిలోకి వదిలిన మాట సాయంత్రానికి వీధి చివరి మెడికల్ షాపు దాకా వెళ్లింది. ఆ షాపాయన నన్ను చూసి నవ్వుతూ నమస్కారం కూడా పెట్టాడు. అంత మర్యాద నాకు అంతకుముందు ఎప్పుడూ జరగలేదు.

కొట్లో నేనూ, ఫ్యానూ, ఒక బల్లీ. వారాలు అలా గడిచాయి.

అప్పుడు అత్తయ్య కదిలింది. ఒక ఉదయం తన ప్రిస్క్రిప్షన్ పట్టుకుని, చెప్పులేసుకుని, ఇంట్లోంచి బయటికెళ్లి, వీధివైపునుంచి తిరిగి నా కొట్లోకి వచ్చింది. అందరికీ వినపడేలా అడిగింది.

"ఏమ్మా, బీపీ మాత్రలున్నాయా?"

"అత్తయ్యా, ముందు డాక్టరమ్మని అడగాలి."

"అడిగే వచ్చా. అదే మందు, అదే మోతాదు అయితే పరవాలేదంది. ఓ నెల కళ్లలో వత్తులేసుకుని బీపీ చూసుకోమంది. ఇవాళ్టినుంచి నాకు నీ మందే."

అత్తయ్యకీ మామయ్యకీ ఇద్దరికీ బీపీ ఉంది. ఇద్దరికీ ఒకటే మందు, ఒకటే మోతాదు, పొద్దున్నే ఒక మాత్ర. ఆవిడ నావైపు దూకేసిందని తెలిసి మామయ్య పేపరు మడిచి పక్కనపెట్టారు. లేచి గదిలోకి వెళ్లిపోయారు. ఆయన వాదించకుండా తప్పుకోవడం నేను చూడటం అదే మొదలు. నెగ్గాననుకుని లోలోపల గంతులేశాను.

*

కొట్టుకి ప్రాణం పోసినవి శనివారం సాయంత్రాలు. మా డాక్టరమ్మ పని ముగించుకుని ఇంటికెళ్తూ కొట్టు ముందు బల్ల మీద కూర్చుని, అడిగినవాళ్లకి ఉచితంగా బీపీ చూసేది. మొదటి శనివారం అత్తయ్య చెయ్యి చాపగానే, ఆ పక్కనే మామయ్య చొక్కా చెయ్యి మడుచుకుంటూ వచ్చి కూర్చున్నారు.

"నాదీ చూడండి డాక్టరమ్మగారూ. పక్కపక్కనే తేలిపోతుంది."

దర్జీ కుట్టుమిషను ఆపి వచ్చాడు. "ఇటు జనరిక్, అటు కంపెనీ! కాసుకోండి!"

అంతే, అది పోటీ అయిపోయింది. ప్రతి శనివారం జనం పోగయ్యేవారు. డాక్టరమ్మ అంకె చెప్పగానే దర్జీ దాన్ని వీధి చివరి దాకా వినపడేలా అరిచేవాడు. ఒక వారం అత్తయ్యది కాస్త తక్కువ ఉండేది, ఒక వారం మామయ్యది. మొత్తానికి ఇద్దరిదీ ఉండాల్సినచోటే ఉండేది. మామయ్యది తక్కువైన రోజున రేడియో పిన్ని, "కంపెనీ కంపెనీయేనమ్మా!" అని చప్పట్లు కొట్టేది. మామయ్య మాత్రం ఎందుకో చెయ్యి మడత దింపుకుని తొందరగా లోపలికి వెళ్లిపోయేవారు. గెలిచాక కాలరెగరేయకుండా వెళ్లే మనిషి కాదాయన. ఆ తేడా నేను పట్టించుకోలేదు.

"ఇలా ఇద్దరి బీపీతో మందు నాణ్యత తేలదు, తెలుసుగా?" అంది డాక్టరమ్మ ఒకసారి నాతో మెల్లగా. "అది తేల్చాల్సింది పరీక్షశాల."

"తెలుసండీ. ప్రతి బ్యాచ్‌కీ పరీక్ష కాగితం అడిగి తెప్పించుకుంటాను. గోడకి తగిలించాను కూడా. ఎవరూ చదవరు."

"చదవరు. పరీక్షశాల ఎవరికీ కనపడదు. మీ అత్తగారు కనపడతారు" అని నవ్వింది.

నిజమే. అత్తయ్య బీపీ చూసి దర్జీ తన తల్లికి మందు మార్చాడు. దర్జీ తల్లిని చూసి, చలివేంద్రానికి వచ్చినట్టు జనం రావడం మొదలైంది. వచ్చినవాళ్లందరికీ నేను అన్నీ ఇచ్చేయలేదు. ఒకామె కూతురి మూర్ఛ మాత్రలు చవగ్గా కావాలని వస్తే ఇవ్వనన్నాను. "ఈ జబ్బుకి ఉన్నట్టుండి ఒక రకం నుంచి ఇంకో రకానికి మారకూడదు. పిల్లని చూసే డాక్టరు దగ్గరుండి మార్చాలి. అంతవరకూ పాతవే వాడండి" అని వీధి చివరి షాపుకే పంపాను. వెనక్కి తిరిగితే గుమ్మంలో మామయ్య. నావైపు కొత్త మనిషిని చూసినట్టు చూస్తున్నారు.

"వచ్చిన బేరాన్ని పంపేశావా?"

"పంపకపోతే ఎలా మామయ్యా?"

"ఊఁ" అన్నారు. ఆ 'ఊఁ'లో ఏముందో నాకు అర్థం కాలేదు.

*

ఇదిగో, కొట్టు ఇలా నిలదొక్కుకుంటున్నప్పుడే ఆ నీలం మూత సీసా నా చేతిలో బయటపడింది. వీధంతా నమ్మిన అత్తయ్య బీపీ అంకె నా జనరిక్ మందుది కాదు. ఎన్నాళ్లనుంచో కూడా తెలియదు. ఈ సంగతి రేడియో పిన్ని చెవిన పడితే ఇంకేముంది? 'సొంత అత్తకి రహస్యంగా కంపెనీ మందు వేసి, మనకి సుద్దముక్కలు అంటగట్టింది' అని తెల్లారేసరికి ప్రసారమైపోతుంది.

ఎవరు చేశారు?

మొదటి అనుమానం మా ఆయన మీద. ప్రింటింగ్ ప్రెస్సు నుంచి వచ్చి చొక్కా విప్పుతుంటే సీసా ముక్కుకింద పెట్టాను.

"ఏమండీ, ఇది మీ పనేనా?"

"ఏది?"

"అత్తయ్య మాత్రలు మార్చారా?"

"నాకు తలనొప్పి మాత్రకీ పంటినొప్పి మాత్రకీ తేడా తెలీదే బాబూ. పోయిన నెల నువ్వు అడిగితే జలుబు మందనుకుని షూ పాలిష్ అందించాను, గుర్తులేదా?"

గుర్తుంది. వదిలేశాను.

రెండో అనుమానం చెప్పడానికే సిగ్గేస్తుంది. అత్తయ్య మీద. నన్ను నిలబెట్టాలని పైకి నా మందు అని చెప్పి, లోపల భయం కొద్దీ పాతదే వాడుతోందేమో. మధ్యాహ్నం ఆవిడ కాళ్లు చాపుకుని కూర్చుంటే పక్కన చేరాను. అడిగేశాను.

ఆవిడ కాళ్లు ముడుచుకుని నావైపు తిరిగింది.

"అంటే, ఇన్నాళ్లూ నా బీపీ తగ్గింది నీ మందుకి కాదా?"

"కాదత్తయ్యా."

"మరి శనివారాలు నేను అంత ఠీవిగా కూర్చుని చెయ్యి చాపానే!" అని నొసలు కొట్టుకుంది. అంతలోనే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "వీధిలో అందరికీ నేనే చెప్పానే తల్లీ. అబద్ధం చెప్పిన దాన్నయ్యానా?"

ఆవిడ కాదు. ఆ ముఖం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

ఇక మిగిలింది ఒక్కరే. నిజానికి మొదట్లోనే తట్టాల్సింది. అత్తయ్య వేళ్లు కీళ్లనొప్పులతో కొంకర్లు పోయాక రేకు చింపి మాత్ర తీసుకోవడం ఆవిడ వల్ల కావడం లేదు. అందుకని ప్రతి ఆదివారం మామయ్య పేపరు పరుచుకుని, ఇద్దరి స్ట్రిప్‌లూ ముందేసుకుని, వారానికి సరిపడా మాత్రలన్నీ టకటకా నొక్కి బయటికి తీసి, ఆవిడవి నీలం మూత సీసాలో, తనవి ఎర్రమూత సీసాలో పోస్తారు. ఎవరినీ చెయ్యి పెట్టనివ్వరు. "మాత్ర రేకులో ఉంటేనే దానికి పేరుంటుంది మామయ్యా, తీసేస్తే ఏది ఏదో ఎలా తెలుస్తుంది?" అని ఎన్నిసార్లు మొత్తుకున్నా, "నాకు తెలుస్తుంది" అనేవారు. ఆయనకి తెలియకేం! ఆవిడ కళ్లద్దాలు లేకుండా మింగేస్తుందనీ ఆయనకే తెలుసు.

ఆ ఆదివారం అత్తయ్య కొత్త స్ట్రిప్ నా చేత్తో నేనే తెచ్చి బల్ల మీద పెట్టాను. ఉతికిన బట్టల మూట తెచ్చుకుని ఎదురుగా చతికిలబడ్డాను, మడతలు పెట్టే వంకతో.

మామయ్య కళ్లద్దాల మీంచి చూశారు. "ఇక్కడెందుకమ్మా, గాలి ఆడదు."

"పరవాలేదు మామయ్యా."

"ఫ్యాను వెయ్యకు. మాత్రలు ఎగిరిపోతాయి."

"వెయ్యను మామయ్యా."

నేను ఒకే తువ్వాలుని మూడోసారి మడిచాను. ఆయన ఒకే మాత్రని మూడోసారి తుడిచారు.

"అమ్మాయ్, కొట్లో ఎవరో పిలుస్తున్నట్టున్నారు."

నాకేమీ వినపడలేదు. కానీ కొట్టుపెట్టుకున్న మనిషికి ఆ మాట వింటే కాళ్లు ఆగవు. పరిగెత్తాను. కొట్లో బల్లి తప్ప ఎవరూ లేరు. మళ్లీ పరిగెత్తుకొచ్చేసరికి రెండు సీసాలకీ మూతలు బిగించేసి, పేపరు మడుస్తూ మామయ్య ఏదో కూనిరాగం తీస్తున్నారు.

ఆయన స్నానానికి వెళ్లగానే నీలం మూత తీశాను. ఒక్క మాత్రకీ గీత లేదు.

ఎర్రమూత సీసావైపు కన్నెత్తి కూడా చూడలేదు. కంపెనీగారి సీసాలో కంపెనీ మాత్రలు కాక ఇంకేముంటాయి? నావన్నీ ఏం చేసి ఉంటారో చూద్దామని చెత్తబుట్ట తిరగేశాను. పెరటి కాలవ దాకా వెతికాను. ఒక్క మాత్రా దొరకలేదు.

"ఏం పారేసుకున్నావే?" అంది అత్తయ్య.

"పరువు" అన్నాను.

*

అడిగేద్దామని గట్టిగా నిర్ణయించుకుని మామయ్య ఎదుట నిలబడ్డాను.

"మామయ్యా, ఒక మాట."

"ఇప్పుడా? బయటికెళ్తున్నా."

"ఎక్కడికి?"

"ఎండ ఎలా ఉందో చూసొద్దామని." గొడుగు తీసుకుని వెళ్లిపోయారు. బూట్లు తొడుక్కోవడం మరిచిపోయారు. కాళ్లు కాలుతుంటే వీధిలో ఒక నీడనుంచి ఇంకో నీడకి గెంతుకుంటూ వెళ్తున్న కంపెనీగారిని చూసి దర్జీ మిషను ఆపేశాడు.

ఆ తర్వాత ఎప్పుడు దగ్గరికెళ్లినా ఆయనకి ఏదో ఒక పని తగిలేది. ఇక నాకు అనుమానమే లేదు. నన్ను నలుగురిలో దెబ్బకొట్టడానికి ఈ రహస్యాన్ని బాంబులా దాచుకున్నారు. కొట్టు బాగా నడిచేదాకా ఆగి, ఏదో ఒక శనివారం అందరి ముందూ 'ఆవిడ వాడేది మా కంపెనీ మందే' అని పేలుస్తారు.

"ఆయన నాకు చెడు చెయ్యరు" అంది అత్తయ్య.

"మీకు కాదత్తయ్యా. నాకు."

"నీకూ చెయ్యరు. గొప్పలకి పోతారు గానీ మనిషి అలాంటివాడు కాదే."

మా ఆయన తేలిగ్గా తేల్చేశాడు. "సీసాలో మళ్లీ నీ మాత్రలు పోసెయ్. నువ్వూ అమ్మా నోరు మూసుకుంటే ఎవరికి తెలుస్తుంది? కొట్టు నడుస్తోందా లేదా?"

నడుస్తోంది. ఆ వారమే పెద్దాసుపత్రి వాళ్లు ఉద్యోగానికి తిరిగొస్తున్నావా లేదా అని ఫోను చేశారు. రానని చెప్పేద్దామని నాలిక చివరిదాకా వచ్చింది.

"దర్జీ వాళ్లమ్మకి మందు మార్చింది అత్తయ్య బీపీ చూసండీ. నా మందు మంచిదే. నాకు తెలుసు. కానీ ఆవిడ నమ్మింది నన్ను కాదు, ఆ అంకెని. ఆ అంకె నాది కానప్పుడు ఎలా ఊరుకోను?"

"మంచిదే అయితే ఇంకేం?"

"మంచిదే గనకే దాన్ని తప్పుడు అంకె మీద నిలబెట్టకూడదు" అన్నాను.

శనివారం వచ్చింది. ఎప్పటికన్నా ఎక్కువమందే వచ్చారు. డాక్టరమ్మ అత్తయ్య చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టబోతుంటే ఆపాను.

"ఒక్క నిమిషం డాక్టరమ్మగారూ. మీ అందరికీ ఒక సంగతి చెప్పాలి. మా అత్తయ్య ఇన్ని వారాలూ వాడింది నా కొట్లో మందు కాదు. కంపెనీ మందు. ఆవిడకీ తెలియదు, నాకూ తెలియదు. మొన్ననే తెలిసింది. ఆవిడ్ని చూసి మందు మార్చుకున్నవాళ్లు కావాలంటే వెనక్కి ఇచ్చేయండి. తీసుకుంటాను."

రేడియో పిన్ని జీవితంలో మొదటిసారి ప్రసారం మరిచిపోయి నోరు తెరుచుకుని కూర్చుంది. దర్జీ తల గోక్కున్నాడు.

"అంటే... మా అమ్మ సంగతి?"

"మీ అమ్మగారి షుగరు నేను చూస్తూనే ఉన్నానయ్యా, బాగానే ఉంది" అంది డాక్టరమ్మ. "మందులో లోపమేమీ లేదు."

"అది సరేనండీ. ఇంట్లో మనిషికే ఆ మందు వెయ్యలేదంటున్నారు కదా? ఎవరో ఒకరు భయపడే కదా మార్చారు?" దర్జీ లేచాడు. కోపంగా కాదు. దిగులుగా. అతని వెనక ఇంకో ఇద్దరు లేచారు. మర్నాడు ఆసుపత్రికి ఏం జవాబు చెప్పాలో నాకు తెలిసిపోయింది.

అప్పుడు అత్తయ్య పట్టీ విప్పేసుకుని, పక్కనే చొక్కా చెయ్యి మడుచుకుని బిగుసుకుపోయి కూర్చున్న మొగుడివైపు తిరిగింది.

"ఏవండీ. లేవండి."

"నేనెందుకే..."

"లేవండి! అది తన కొట్టు తనే మూసుకుంటోంది, మిమ్మల్ని ఒక్క మాట అనకుండా. ఇంకెప్పుడు లేస్తారు?"

మామయ్య లేచారు. అలవాటు కొద్దీ చొక్కా సర్దుకుని, డాక్టరు గుమ్మంలో నిలబడ్డట్టు నిటారుగా నిలబడ్డారు. గొంతు మాత్రం ఆ గొంతు కాదు.

"దర్జీ, కూర్చోవయ్యా. పిన్నిగారూ, మీరు ఎలాగూ ప్రసారం చేస్తారు, సరిగ్గా వినండి. మాత్రలు మార్చింది నేను. మొదటి రోజునుంచీ నేనే. కోడల్ని దెబ్బకొట్టాలని కాదు. భయం. 'పేరు లేని మందు వాడితే మనిషి ఏమవుతాడో ఆలోచించండి డాక్టరుగారూ' అని ముప్పై ఏళ్లు ఊళ్లు తిరిగి భయం అమ్మాను. అమ్మి అమ్మి చివరికి నేనే కొనుక్కున్నట్టున్నాను. ఈవిడ నీ మందే వాడతానని మొండికేసిన రోజున నాకు అన్నం దిగలేదమ్మాయ్. వద్దంటే వినదు. ఆదివారం సీసాలు నింపుతూ నా మాత్రలు తీసి ఆవిడ సీసాలో పోశాను. ఆవిడవి చేతిలో మిగిలాయి. మందు పారెయ్యడం నాకు చేతకాదు, జన్మలో పారేసి ఎరగను. ఏమైతే అది నాకే అవుతుందిలే అని నా సీసాలో పోసుకున్నాను. మొదటి వారం పొద్దున్నే నాడి పట్టుకుని కూర్చునేవాణ్ని, ఇవాళ పడతానా రేపు పడతానా అని. పడలేదు. డాక్టరమ్మ బీపీ చూసి బాగుందంది. మీరంతా 'కంపెనీ కంపెనీయే' అని చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నావి కావు, నా కంపెనీవీ కావు, ఈ పిల్లవి. ఎన్ని శనివారాలు నెగ్గానో అన్నిసార్లు ఓడిపోయాను, పైకి చెప్పడానికి నోరు రాలేదు. ఇదిగో, డాక్టరమ్మగారూ, పట్టీ నాకు చుట్టండి. అందరూ చూడండి. ఇన్నాళ్లూ ఈ కొట్లో మందు మింగింది నేను. అమ్మాయ్, రేపట్నుంచి మీ అత్తయ్యకి కూడా ఇవే ఇవ్వు. ఇక భయం లేదు, నా మీద వేసి చూసుకున్నాను. బాగున్నాయి."